మన జట్టు ఏది?



క్రికెట్ అంటే మనలో చాలామందికి రెండే గుర్తుకొస్తాయి. ఒకటి దేశం జట్టు ఆడే ఆట, రెండోది వేసవి రాత్రుల్లో దీపాల వెలుగులో జరిగే ఐ.పి.ఎల్. ఈ రెండింటికీ నడుమ, చలికాలంలో, పొద్దున్నే మంచుతడి ఆరకముందే మొదలై పొద్దు వాలేలోగా ముగిసే పోటీ ఒకటి ఉంది. చాలా ఆటలకు జనం పెద్దగా రారు. పత్రికల్లో ఆటల పేజీ అడుగున చిన్న అక్షరాల్లో స్కోర్లు వేస్తారు. అదే విజయ్ హజారే ట్రోఫీ. రాష్ట్రాల జట్ల మధ్య 50 ఓవర్ల చొప్పున జరిగే ఒక్కరోజు ఆటల పోటీ. 2024 డిసెంబరు 21న మొదలై 2025 జనవరి 18న ముగిసిన ఆ ఏటి పోటీని గురించి ఇవాళ మీతో ముచ్చటిస్తాను.

ఇన్నేళ్ళుగా జరుగుతున్న పోటీలో ఆ ఒక్క ఏడాదినే ఎందుకు ఎంచుకున్నారు అని మీరు అడగవచ్చు. సరిహద్దు జిల్లాల్లో ఉన్న మన తెలుగువాళ్ళు, బళ్ళారిలో ఉండనీ, హోసూరులో ఉండనీ, రాయగడలో, షోలాపూరులో, యానాంలో ఉండనీ, ఆ నాలుగు వారాలూ ఒకే ప్రశ్న మన ముందు రకరకాలుగా వచ్చి నిలబడింది. మన జట్టు ఏది? ఇంట్లో మాట్లాడే భాష వాళ్ళదా, మనం నీళ్ళు తాగే ఊరు వాళ్ళదా? ఇది సరదా ప్రశ్నలాగే కనబడుతుంది. పదమూడేళ్ళ కొడుకు బ్యాటు పట్టుకుని ఎదురుగా నిలబడినప్పుడు మాత్రం సరదా కాదు. ఆ సంగతి తరవాత చెబుతాను.

ముందు ఈ పోటీ పుట్టుపూర్వోత్తరాలు నాలుగు ముక్కల్లో. దేశవాళీ ఒక్కరోజు ఆటలు 1993-94లో మొదలయ్యాయి. అప్పట్లో దక్షిణం, పశ్చిమం అని మండలాలవారీగా ఆడేవారు. మొత్తం దేశానికి ఒకే విజేతను తేల్చడం 2002-03 నుంచి వచ్చింది. విజయ్ హజారే పేరు పెట్టింది 2007-08లో. హజారే గారు 1915లో మహారాష్ట్రలోని సాంగ్లీలో పుట్టారు. మహారాష్ట్రకూ ఆడారు, బరోడాకూ ఆడారు. 1952లో మద్రాసులో ఇంగ్లండు మీద భారతదేశం మొట్టమొదటి టెస్టు గెలిచినప్పుడు మన నాయకుడు ఆయనే. పేరు పెట్టుకున్న మనిషే రెండు మూడు జట్లకు ఆడినవాడని గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇక క్రికెట్ పటం సంగతి. మనకు బడిలో చెప్పే భారతదేశ పటం వేరు, క్రికెట్ పటం వేరు. మహారాష్ట్ర ఒకే రాష్ట్రం, కాని అక్కడ ముంబయి, మహారాష్ట్ర, విదర్భ అని మూడు జట్లున్నాయి. గుజరాత్‌లో గుజరాత్, సౌరాష్ట్ర, బరోడా అని మూడు. 1956 నుంచి 2014 దాకా ఆంధ్రప్రదేశ్ ఒకే రాష్ట్రంగా ఉన్నా హైదరాబాదు, ఆంధ్ర అనే రెండు జట్లు వేర్వేరుగానే ఆడాయి. రాష్ట్రాలు భాషలనుబట్టి ఏర్పడ్డాయి గాని, క్రికెట్ సంఘాలు చాలామటుకు అంతకుముందే పుట్టి, రాజుల కాలం నాటి, తెల్లదొరల కాలం నాటి గట్లను అలాగే నిలుపుకున్నాయి. మా బళ్ళారి సంగతే చూడండి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన రోజునే బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు వెళ్ళాయి. ఆంధ్ర జట్టు రంజీ పోటీల్లో తొలిసారి అడుగుపెట్టింది కూడా ఆ 1953-54 ఏడాదే. అంటే ఆంధ్రకు ఒక క్రికెట్ జట్టు ఏర్పడేనాటికి మేం గట్టుకు ఇవతల ఉన్నాం.

ఈ లెక్కన 2024-25లో మన వాళ్ళ ఇళ్ళు ఏ జట్ల కిందికి వస్తాయో చూడండి. బళ్ళారి, రాయచూరు, కోలారు వాళ్ళు కర్ణాటక. హోసూరు, కృష్ణగిరి వాళ్ళు తమిళనాడు. బరంపురం, రాయగడ, పర్లాకిమిడి వాళ్ళు ఒడిశా. షోలాపూరు వాళ్ళు మహారాష్ట్ర. చంద్రపూరు, బల్లార్షా, సిరొంచ వాళ్ళు విదర్భ. యానాం వాళ్ళు పుదుచ్చేరి. ఆ ఏడు మొత్తం 38 జట్లు అయిదు గ్రూపులుగా ఆడితే, చివరి నాలుగు జట్లలో మూడు ఇందులోవే తేలాయి. కర్ణాటక, విదర్భ, మహారాష్ట్ర. నాలుగోది హర్యానా. తమిళనాడు ప్రాథమిక క్వార్టర్ ఫైనల్‌లో రాజస్థాన్ చేతిలో 19 పరుగుల తేడాతో ఓడింది. వరుణ్ చక్రవర్తి 5 వికెట్లు తీసినా ఫలితం లేకపోయింది. ఒడిశా గ్రూపు దశ దాటలేదు. హైదరాబాదు, ఆంధ్ర జట్లు కూడా దాటలేదు.

గ్రూపు దశలో మాకు అసలైన సంకటం 'సి' గ్రూపులో ఎదురైంది. కర్ణాటక, హైదరాబాదు, పుదుచ్చేరి మూడూ ఒకే గ్రూపు. ఆటలన్నీ అహమ్మదాబాదులో. మొదటి రోజే కర్ణాటక ముంబయితో తలపడింది. ముంబయి 4 వికెట్లకు 382 కొట్టింది, శ్రేయస్ అయ్యర్ 55 బంతుల్లో 114 నాటౌట్. 383 కొట్టాలంటే ఒకప్పుడు ఆటగాళ్ళు డ్రాయింగు పరీక్షకు వచ్చిన లెక్కల పిల్లవాడిలా దిక్కులు చూసేవారు. కృష్ణన్ శ్రీజిత్ అనే వికెట్ కీపరు 101 బంతుల్లో 150 నాటౌట్ కొట్టాడు. 46.2 ఓవర్లలోనే పని అయిపోయింది. తరవాత పంజాబు మీద 248 కొట్టవలసి ఉండగా తొమ్మిది వికెట్లు పడిపోతే నాయకుడు మయాంక్ అగర్వాల్ 139 నాటౌట్‌గా నిలబడి చివరి జోడీతో గట్టెక్కించాడు.

ఆ కర్ణాటకను గ్రూపు దశలో ఓడించింది ఎవరు? హైదరాబాదు. డిసెంబరు నెలాఖరున జరిగిన ఆ ఆటలో కర్ణాటక 320 కొట్టింది, మయాంక్ 124. హైదరాబాదు తరఫున తిలక్ వర్మ 99 దగ్గర అవుటయ్యాడు. ఆ తరవాత వరుణ్ గౌడ్ 82 బంతుల్లో 109 నాటౌట్ చేసి, చివరి ఓవర్లో, ఇంకా మూడు వికెట్లు ఉండగానే జట్టును గెలిపించాడు. ఆ రోజు మా బళ్ళారి ప్రాంతంలో ఎన్ని ఇళ్ళలో ఒకే గదిలో ఇద్దరు చప్పట్లు కొట్టి ముగ్గురు మూతి ముడుచుకున్నారో చెప్పలేం. అమ్మమ్మగారి ఊరు గుంతకల్లు, నాన్న ఉద్యోగం బళ్ళారి, ఇంట్లో మాట తెలుగు, బడిలో పాఠం కన్నడం. తిలక్ వర్మ ఒక్క పరుగు దగ్గర సెంచరీ పోగొట్టుకుంటే అయ్యో అనుకున్నవాడే, మయాంక్ సెంచరీ కొట్టినప్పుడు కూడా లేచి నిలబడ్డాడు. ఇందులో ద్రోహం ఏమీ లేదు. మేనమామ ఇంటి పెళ్ళికీ వెళతాం, బాబాయి ఇంటి పెళ్ళికీ వెళతాం. రెండు పెళ్ళిళ్ళూ ఒకే ముహూర్తానికి వస్తేనే చిక్కు.

పుదుచ్చేరి సంగతి చెప్పుకోకపోతే యానాం శ్రోతలకు అన్యాయం చేసినట్టే. పుదుచ్చేరికి సొంత జట్టు వచ్చింది 2018-19లో. ఆ ఏడు ఒకేసారి తొమ్మిది కొత్త జట్లను దేశవాళీ పోటీల్లోకి తీసుకున్నారు. బీహారు, ఉత్తరాఖండ్, ఈశాన్య రాష్ట్రాలు, పుదుచ్చేరి. 2024-25లో ఈ చిన్న జట్టు కర్ణాటకను తేలిగ్గా గెలవనివ్వలేదు. స్మరణ్ రవిచంద్రన్ సెంచరీ కొడితే గాని పని జరగలేదు, అదీ ఏడు వికెట్లు పోయాక. స్మరణ్ అనే ఈ ఎడమచేతి కుర్రవాణ్ణి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు. యానాం కుర్రవాడికి ఇంకో చిక్కుంది. వాడి చుట్టూ నాలుగు వైపులా ఉన్నది ఆంధ్ర. కాకినాడ కూతవేటు దూరం. వాడి క్రికెట్ సంఘం మాత్రం సుమారు ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల, తమిళం మాట్లాడే ఊళ్ళో ఉంది. ఎంపికలకు రైల్లో ఒక రాత్రి ప్రయాణం చేసి వెళ్ళి, నిద్రకళ్ళతో వికెట్ల ముందు నిలబడాలి. దూరం కూడా ఒక బౌలరే.

ఇప్పుడు ఆ ఏటి పోటీలో అన్నిటికన్నా గొప్ప కథ దగ్గరికి వస్తున్నాను. అది జరిగింది తెలుగు నేల మీదనే. 'డి' గ్రూపు ఆటలు విజయనగరం, విశాఖపట్నాల్లో పెట్టారు. రాయగడలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి చూడగలిగిన ఆటలు. ఆ గ్రూపులో విదర్భకు నాయకుడు కరుణ్ నాయర్. అతని స్కోర్లు వరసగా వినండి. జమ్ము కాశ్మీరు మీద 112 నాటౌట్. ఛత్తీస్‌గఢ్ మీద 44 నాటౌట్. చండీగఢ్ మీద 163 నాటౌట్. తమిళనాడు మీద 111 నాటౌట్. ఉత్తరప్రదేశ్ మీద 112, అక్కడ అవుటయ్యాడు. ఈ అయిదూ కూడితే 542. అవుటయ్యేలోగా ఇన్ని పరుగులు చేయడం ఈ తరహా ఒక్కరోజు ఆటల్లో ప్రపంచ రికార్డు. అంతకుముందు 2010లో న్యూజిలాండుకు చెందిన జేమ్స్ ఫ్రాంక్లిన్ 527 దాకా వెళ్ళాడు.

తరవాత క్వార్టర్ ఫైనల్‌లో రాజస్థాన్ మీద 122 నాటౌట్, సెమీఫైనల్‌లో మహారాష్ట్ర మీద 44 బంతుల్లో 88 నాటౌట్, ఫైనల్‌లో 27. మొత్తం 779. సగటు 389.50 అని పత్రికలు రాస్తే మా తరగతిలో పిల్లలు నమ్మలేదు. ఎనిమిది సార్లు ఆడి 779 చేస్తే సగటు 97 కదా సార్, పత్రికవాళ్ళు తప్పు రాశారు అన్నారు. వాళ్ళ భాగహారం సరైనదే. క్రికెట్‌లో భాగించేది ఎన్నిసార్లు ఆడాడన్న సంఖ్యతో కాదు, ఎన్నిసార్లు అవుటయ్యాడన్న సంఖ్యతో. ఎనిమిది ఇన్నింగ్సుల్లో అతను అవుటయింది రెండే రెండుసార్లు. 779ని రెండుతో భాగిస్తే 389న్నర. ఆ రోజు లెక్కల పీరియడు సగం దీనికే పోయింది, కాని సగటు అంటే ఏమిటో వాళ్ళు ఇక మరిచిపోరని నా నమ్మకం.

ఈ కరుణ్ నాయర్ ఎవరు? పుట్టింది రాజస్థాన్‌లోని జోధ్‌పూరులో. తల్లిదండ్రులు మలయాళీలు. పెరిగింది, ఆట నేర్చింది బెంగళూరులో. కర్ణాటక తరఫున 2015 రంజీ ఫైనల్‌లో తమిళనాడు మీద 328 కొట్టాడు. 2016 డిసెంబరులో మద్రాసులో ఇంగ్లండు మీద టెస్టులో 303 నాటౌట్. సెహ్వాగ్ తరవాత టెస్టుల్లో మూడు వందలు కొట్టిన రెండో భారతీయుడు అతనే. అంత చేసినవాడు 2017 మార్చి తరవాత టెస్టు జట్టులో లేడు. 2022లో కర్ణాటక జట్టులో కూడా చోటు పోయింది. ఆ ఏడాది డిసెంబరులో, ప్రియమైన క్రికెట్ తనకు ఇంకొక్క అవకాశం ఇవ్వాలని సామాజిక మాధ్యమంలో ఒక వాక్యం రాసుకున్నాడు. ఆ వాక్యాన్ని అతని అభిమానులు కానివాళ్ళు కూడా చదివి బాధపడ్డారు. 2023-24లో విదర్భ చేరదీసింది. నాగపూరు అతని మాతృభాష ఊరూ కాదు, పెరిగిన ఊరూ కాదు. అక్కడ ఒక చోటు ఖాళీ ఉంది, ఇతని చేతిలో బ్యాటు ఉంది. అంతే.

నాగపూరు పేరు ఎత్తాను కాబట్టి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. మన దేశానికి మొట్టమొదటి టెస్టు నాయకుడు సి.కె. నాయుడు పుట్టింది ఆ నాగపూరులోనే, 1895లో. తెలుగు కుటుంబం, మహారాష్ట్ర వైపు వెళ్ళి స్థిరపడ్డవాళ్ళు. అంటే మనలాంటివాళ్ళే. 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టు మీద 153 పరుగులు కొట్టాడు, అందులో 11 సిక్సర్లు. 1932లో లార్డ్స్ మైదానంలో భారత జట్టును నడిపించాడు. హోల్కరు రాజుగారి జట్టుకు ఏళ్ళ తరబడి ఆడాడు. నేను ఇందాక చెప్పిన 1953-54లో, దాదాపు 58 ఏళ్ళ వయసులో, కొత్తగా పుట్టిన ఆంధ్ర జట్టు తరఫున కూడా ఆడాడు. ఆయన తెలుగువాడని మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి. కాని ఆయన క్రికెటరు అయింది నాగపూరు మైదానాల్లో. తెలుగు జట్టు దొరికేదాకా ఆగి ఉంటే యాభై ఎనిమిదేళ్ళు ఆగవలసి వచ్చేది.

ఇక ఆఖరి అంకం. వడోదరలో జరిగిన నాకౌట్లలో షోలాపూరు శ్రోతలు మెచ్చుకోదగ్గ కుర్రవాడు ఒకడున్నాడు, అర్షిన్ కులకర్ణి. షోలాపూరులో పుట్టినవాడు. మరాఠీ పిల్లవాడే, అయినా ఆ ఊరు సగం మన పద్మశాలీల మగ్గాల చప్పుడుతో పెరిగిన ఊరు కదా. క్వార్టర్ ఫైనల్‌లో పంజాబు మీద అతను 107 చేసి మహారాష్ట్రను గెలిపించాడు. సెమీఫైనల్‌లో మహారాష్ట్రకు ఎదురైంది విదర్భ. అంటే షోలాపూరు తెలుగువాళ్ళకూ చంద్రపూరు తెలుగువాళ్ళకూ ఒకే రాష్ట్రంలో ఉంటూ పోటీ. విదర్భ ఓపెనర్లు ధ్రువ్ షోరే, యశ్ రాథోడ్ ఇద్దరూ సెంచరీలు చేసి తొలి వికెట్‌కు 224 చేర్చారు. మొత్తం 380. అర్షిన్ 90 దాకా పోరాడినా మహారాష్ట్ర 69 పరుగులు వెనకబడింది. ఈ షోరే కూడా ఢిల్లీ నుంచి విదర్భకు వచ్చినవాడే.

అటువైపు కర్ణాటక క్వార్టర్ ఫైనల్‌లో బరోడా మీద అయిదే అయిదు పరుగులతో బయటపడింది. దేవదత్ పడిక్కల్ 102. సెమీఫైనల్‌లో హర్యానాను 5 వికెట్లతో ఓడించింది, అందులో పడిక్కల్ 86. అప్పుడు ఫైనల్ ఎవరెవరికి? కర్ణాటకకూ విదర్భకూ. కరుణ్ నాయర్ తనను పెంచిన జట్టుకు ఎదురుగా నిలబడ్డాడు. జనవరి 18, వడోదర దగ్గరి కోటంబి మైదానం.

నాయర్ టాస్ గెలిచి ముందు బౌలింగ్ తీసుకున్నాడు. మొదట్లో అది సరైన నిర్ణయంలాగే కనబడింది. 67 పరుగులకే కర్ణాటక మూడు వికెట్లు పోయాయి, మయాంక్, పడిక్కల్ ఇద్దరూ వెనక్కి వెళ్ళిపోయారు. అప్పుడు స్మరణ్, శ్రీజిత్ జతకలిసి 160 పరుగులు కూర్చారు. తరవాత అభినవ్ మనోహర్ వచ్చి 42 బంతుల్లో 79 బాదాడు. స్మరణ్ 101, శ్రీజిత్ 78. మొత్తం 6 వికెట్లకు 348. విదర్భకు షోరే మళ్ళీ 110 చేశాడు. కరుణ్ నాయర్ 27 దగ్గర ఉండగా ప్రసిద్ధ్ కృష్ణ వేసిన బంతికి వికెట్లు లేచిపోయాయి. ఒకప్పుడు ఒకే గదిలో సంచులు పెట్టుకున్నవాళ్ళు. చివర్లో హర్ష్ దూబే 30 బంతుల్లో 63 కొట్టి కర్ణాటకకు చెమటలు పట్టించాడు గాని, 48.2 ఓవర్లలో 312కు ఆట ముగిసింది. 36 పరుగుల తేడా. కర్ణాటకకు ఇది అయిదో ట్రోఫీ. అయిదుసార్లు ఫైనల్‌కు వచ్చి అయిదుసార్లూ గెలిచింది. నాకు కర్ణాటక గెలిచినందుకు సంతోషమే. నాయర్ బౌల్డ్ అయినప్పుడు మాత్రం ఆ సంతోషం ఒక్క నిమిషం ఆగింది.

ఇప్పుడు మొదట్లో ఆపిన సంగతి. బడి వదిలాక తల్లిదండ్రులు కొందరు వచ్చి అడుగుతుంటారు. "సార్, మావాడు బాగా ఆడతాడు. ఇక్కడ బెంగళూరు పిల్లల్తో పోటీ ఎక్కువ. అనంతపురంలో మా తమ్ముడున్నాడు. వాడి చిరునామా పెట్టి అటు రాయిస్తే మనవాళ్ళు కదా, తొందరగా తీసుకోరా?" అని. అనంతపురంలో మంచి మైదానాలు ఉన్నాయన్నది నిజమే. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ ఆటలు కూడా అక్కడే జరిగాయి. ఆశ పుట్టడం సహజం. కాని ఆ ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయి ఉన్నాయి, వాటిని విడదీసి చూడాలి.

పిల్లవాణ్ణి నిజంగా అనంతపురం పంపించి, అక్కడి బడిలో చేర్పించి, తమ్ముడి ఇంట్లో ఉంచి చదివిస్తామంటే అది ఒక నిర్ణయం. పుట్టిన రాష్ట్రానికి గాని, నిర్ణీత కాలం నిజంగా చదువుతున్న, ఉంటున్న, ఉద్యోగం చేస్తున్న రాష్ట్రానికి గాని ఆడడానికి నియమాలు ఒప్పుకుంటాయి. ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకు మారాలంటే పాత సంఘం నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. పెద్దల జట్టులో బయటి రాష్ట్రం ఆటగాళ్ళను కూడా ముగ్గురి దాకా తీసుకోవచ్చు. నాయర్ విదర్భకు వెళ్ళింది ఈ రాచబాటలోనే, కాగితాలన్నీ సక్రమంగా ఉంచుకుని. బడి ఇక్కడ, చిరునామా అక్కడ అంటే మాత్రం అది దొంగ కాగితం. 2020లో క్రికెట్ బోర్డు స్పష్టంగా ప్రకటించింది. వయసు తప్పుగా చూపినవాళ్ళు తమంతట తాము ఒప్పుకుంటే శిక్ష లేకుండా వదులుతామంది, దాచి పట్టుబడితే రెండేళ్ళు నిషేధమంది. నివాసం విషయంలో మోసానికి ఆ ఒప్పుకోలు వెసులుబాటు కూడా లేదు, నేరుగా రెండేళ్ళ నిషేధమే. పదిహేనేళ్ళ పిల్లవాడి జీవితంలో రెండేళ్ళంటే ఎంతో ఆలోచించండి. బోను ఎక్కేది పిల్లవాడు. కాగితం రాయించింది మనం.

ఇంకొకటి, "మనవాళ్ళు కదా" అన్న మాట. ఎంపిక చేసేవాళ్ళు బంతి ఎటు పోయిందో చూస్తారు గాని, పిల్లవాడు అమ్మను ఏమని పిలుస్తాడో చూడరు. చూసే చోటు ఎక్కడైనా ఉంటే అక్కడికి పంపకపోవడమే మేలు. కర్ణాటకలో రాయచూరు, ధార్వాడ, తుమకూరు, శివమొగ్గ, మైసూరు, మంగళూరు మండలాల జట్లున్నాయి. పిల్లవాడు ముందు బడి జట్టు, ఆ తరవాత మండలం జట్టు, అక్కణ్ణుంచి వయసువారీ రాష్ట్రం జట్టు, ఇలా మెట్టు మెట్టుగా వెళ్ళాలి. 23 ఏళ్ళ లోపు వాళ్ళు ఆడే జాతీయ పోటీకి పెట్టిన పేరు సి.కె. నాయుడిదే. ఈ దారిలో ఇంటి భాషతో పని లేదు గాని, మైదానం భాషతో పని ఉంది. పరుగుకు పిలిచేటప్పుడు "బా", "బేడ" అని అరిస్తే ఒక క్షణం ఆలోచించేవాడు రనౌట్ అవుతాడు. హోసూరు పిల్లవాడికి తమిళం, బరంపురం పిల్లవాడికి ఒడియా అలాగే రావాలి. నేను రెండు భాషలూ చెప్పే పంతుల్ని కాబట్టి స్వార్థంతో చెబుతున్నాననుకోకండి. ఇంట్లో తెలుగు చదివించండి, అది పోకూడదు. మైదానంలో ఊరి భాషను కూడా వాడికి సొంతం కానివ్వండి.

మరి ఆ పోటీ తరవాత ఎవరు ఎటు వెళ్ళారు? విదర్భ కొద్ది వారాలకే రంజీ ట్రోఫీ గెలిచింది. ఫైనల్‌లో నాయర్ సెంచరీ చేశాడు. 2025 జూన్‌లో, ఎనిమిదేళ్ళ తరవాత, ఇంగ్లండులో లీడ్స్ టెస్టుకు అతన్ని మళ్ళీ తీసుకున్నారు. ఆ పర్యటనలో అనుకున్నంతగా రాణించలేదు, ఓవల్‌లో చేసిన 57 ఒక్కటే చెప్పుకోదగ్గది. 2025-26కు అతను విదర్భ ఒప్పుదలతో తిరిగి కర్ణాటకకు వచ్చాడు. ఇక్కడ కథ ఇంకో మలుపు తిరిగింది. 2026 జనవరిలో విజయ్ హజారే ట్రోఫీ సెమీఫైనల్‌లో, బెంగళూరులోనే, కర్ణాటకకు ఎదురైంది విదర్భ. నాయర్ ఈసారి కర్ణాటక వైపు ఉన్నాడు, 76 పరుగులు చేశాడు. గెలిచింది విదర్భ, 6 వికెట్ల తేడాతో. ఫైనల్‌లో సౌరాష్ట్రను కూడా ఓడించి మొట్టమొదటిసారి ఆ ట్రోఫీని నాగపూరుకు పట్టుకెళ్ళింది. చంద్రపూరు, బల్లార్షా, సిరొంచ శ్రోతలకు బళ్ళారి నుంచి ఆలస్యంగానైనా అభినందనలు.